గాజుతొట్టికి నేల

పాలమూరులోని జూరాల ప్రాజెక్టు కాలువ కింది మడిలో ఒక వరి దుబ్బు పీకి, బురద కడిగి వేళ్లు చూడండి. లేత వేళ్లు తెల్లగా ఉంటాయి, ముదురు వేళ్ల మీద ఎర్రటి పూత ఉంటుంది. అది తుప్పే. నీళ్లు నిలిచిన బురదలోకి ఆక్సిజన్ సరిగా దిగదు. గాలిలో కంటే నీటిలో అది దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. కొన్ని మిల్లీమీటర్ల లోతుకే అయిపోతుంది. అక్కడుండే బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు మట్టిలోని ఇనుమును వాడుకుంటుంది. అప్పటిదాకా కరగని ఇనుము అప్పుడు నీటిలో కరుగుతుంది. వరి తనలోని గాలి గొట్టాల ద్వారా వేళ్లకు ఆక్సిజన్ పంపుతుంది. అది బయటికి ఊరిన చోట కరిగిన ఇనుము మళ్లీ తుప్పయి వేరును పట్టుకుంటుంది.

అక్వేరియంలో వేళ్లూనే మొక్కలకూ ఇదే బతుకు. కొనేటప్పుడు మనం గాజు మందం, లైటు, ఫిల్టర్ చూస్తాం. అడుగున పోసేది మాత్రం దుకాణంలో ఇచ్చిన రంగు రాళ్లే. మొక్కలు పెంచే తొట్టిలో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఆ అడుగు గురించే.

అక్వేరియం పుట్టిందే బురదతో. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో ఒక గాజుపాత్రలో ఇసుక, బురద వేసి, వాలిస్నేరియా మొక్క నాటి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. నీళ్లు మార్చకుండా చేపలు బతుకుతాయా అన్నది ఆయన ప్రశ్న. మొక్క ఆక్సిజన్ ఇచ్చింది, చేపలు బతికాయి. కానీ రాలిన ఆకులు కుళ్లి నీరు చెడసాగింది. చెరువు నత్తలను తెచ్చి వేస్తే అవి ఆ కుళ్లును తినేశాయి, నీరు తేటపడింది. 1850లో ఈ ప్రయోగాన్ని కెమికల్ సొసైటీకి వివరించాడు. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల వచ్చింది, ఆ తర్వాత గాజుతొట్లు ఇళ్లలోకి వచ్చాయి.

వారింగ్టన్‌కు తెలిసే వీలులేని సంగతి ఒకటుంది. చేపలు వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియాను సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపింది 1890 ప్రాంతంలో. దాన్ని ఆసరా చేసుకుని 20వ శతాబ్దంలో గులకరాళ్ల కింద చిల్లుల పలక పెట్టి, నీటిని రాళ్ల గుండా లాగే ఫిల్టర్లు వచ్చాయి. చేపలకు అవి మేలే చేశాయి. మొక్కలకు మాత్రం కడిగిన రాళ్లలో తినడానికి ఏమీ మిగల్లేదు. పైగా ఆక్సిజన్ ఉన్న నీరు ఎప్పుడూ పారుతుంటే ఇనుము కరగదు, మొక్కలకు అందదు.

మట్టి మళ్లీ తొట్టిలోకి రావడానికి ఇద్దరి కృషి ముఖ్యం. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంలో మామూలు మట్టి పరిచి, దానిపై సన్న గులక కప్పితే చాలని శాస్త్రీయంగా చూపించింది. జపాన్‌లో తకాషి అమానో కంపెనీ మట్టిని గుళికలుగా చేసి అమ్మింది. ఆ గుళికలు నీటి కాఠిన్యాన్ని పీల్చుకుని కొంత ఆమ్ల గుణం తెస్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో కఠినమైన బోరు నీళ్లు పోస్తే, ఖరీదైన ఆ గుళికల గుణం తొందరగా తరిగిపోతుంది. వాలిస్నేరియా అయితే కఠినమైన నీటిలోనూ హాయిగా పెరుగుతుంది. మన చెరువుల్లోనే ఉండే మొక్క అది.

పాలమూరులో మట్టికి కొదవలేదు, ఎంపికే కావాలి. చెలకల ఎర్రమట్టి గ్రానైటు జాతి రాళ్లు అరిగి వచ్చింది. ఇనుము దండిగా ఉంటుంది, పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. గద్వాల వైపు నడిగడ్డ నల్లరేగడి దానికి విరుద్ధంగా ఉంటుంది. దాని బంకమట్టి రేణువులకు రుణావేశం ఉండటం వల్ల అమ్మోనియం, పొటాషియంలను అంటిపెట్టుకుని వేళ్లకు అందిస్తుంది. కానీ నీటిలో కదిలిస్తే రోజుల తరబడి మబ్బుగా నిలుస్తుంది. సున్నపు గడ్డలూ ఉంటాయి. చిటికెడు మట్టి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే సున్నం ఉన్నట్టే.

నన్నడిగితే చెరువు పూడిక మట్టికే ఓటు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక రైతులు ట్రాక్టర్లతో తోలుకుని చెలకల్లో పోసుకున్నది ఈ మట్టినే. చుట్టుపక్కల పొలాల మెత్తటి ఒండ్రు, కుళ్లిన ఆకూ అలమూ కలిసిన సారం అది. ఎండిన చెరువులోంచి తెచ్చి, తడిపి ఆరబెట్టడం కొన్నిసార్లు చేస్తే, పచ్చి కుళ్లు చాలావరకు తొట్టి బయటే ముగుస్తుంది. సీడ్ పత్తి చేలకు ఆనుకున్న మట్టి మాత్రం వద్దు. పురుగుమందు చేపలను చంపుతుంది. యూరియా, డీఏపీ వేసిన మట్టీ అంతే.

జల్లించిన పూడిక మట్టి రెండు సెంటీమీటర్లు, దానిపైన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగిన ఇసుక మూడు సెంటీమీటర్లు చాలు. ఆ ఇసుకను ఇల్లు కడుతున్నచోట ఒక బకెట్ అడిగి తెచ్చుకోవచ్చు. గులక పెద్దదైతే మేత సందుల్లోకి జారి కుళ్లుతుంది. ఇసుక మరీ సన్నగా, మందంగా ఉంటే కింద గాలాడక కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఇసుకలో దూరి తిరిగే సన్నటి పొడవాటి నత్తలు మన నీళ్లలోనే దొరుకుతాయి, ఆ పొరను కదుపుతుంటాయి. జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలకు ఈ నేలతో పనే లేదు, వాటి అల్లం కొమ్ములాంటి కాండాన్ని పాతితే కుళ్లిపోతాయి. రాయికో చెక్కకో కట్టాలి.

మన ఎండలను మరవకూడదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడికి మట్టిలో కుళ్లు వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. చల్లటి దేశాల కొలతలు చూసి మట్టి మందంగా పరిస్తే ఏప్రిల్, మే నెలల్లో చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే పొర పలచగా ఉండాలి. తొట్టిని వానాకాలంలో మొదలుపెట్టడం మేలు. కొత్త మట్టి మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది. మొక్కలు వేళ్లూని కొత్త ఆకులు వేశాక, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక చేపలను వదలాలి.