తెర చూశాకే కొట్టు దిగండి

పత్తి విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్టును నాలుగుసార్లు తిప్పి చూస్తాం. లాట్ నంబరు చూస్తాం, గడువు తేదీ చూస్తాం, బిల్లు అడిగి తీసుకుంటాం. వేరుశనగ అయితే తడి గోనెలో వంద గింజలు పెట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టాకే పొలంలో వేస్తాం. అదే రైతు పట్నం వెళ్లి పదహారు వేలు పెట్టి పిల్ల చదువుకోసం ట్యాబ్ కొంటే, డబ్బా సీలైనా తీయకుండా సంచిలో పెట్టుకుని బస్సెక్కేస్తున్నాడు. పదహారు వేలంటే ఎంత? 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే అటూ ఇటూగా రెండు క్వింటాళ్ల పత్తి. ఏరిన కూలి, కొట్టిన మందు వేరే లెక్క.

వ్యవసాయం పేజీలో ట్యాబ్ సంగతులేమిటని మీకు అనిపించొచ్చు. పగలు పిల్లల పాఠాలకు తిరిగే ఆ పలకే సాయంత్రం రైతు చేతికి వస్తోంది. వాన కబురుకు ‘మేఘదూత్’, మార్కెట్ ధరలకు ‘ఈ-నామ్’, పురుగు ఫొటో తీసి పంపడానికి 2024 ఆగస్టు 15న కేంద్ర వ్యవసాయ శాఖ మొదలుపెట్టిన జాతీయ చీడపీడల నిఘా యాప్, అన్నీ అందులోనే చూస్తున్నారు. ట్యాబ్‌లో మీటలు లేవు. చూడాలన్నా తెరే, నొక్కాలన్నా తెరే. అది బాగాలేకపోతే మిగతాది ఎంత బాగున్నా దండగే.

తెరకు పట్టే తెగుళ్లు

మామూలు పది అంగుళాల ట్యాబ్ తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,200 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 23 లక్షల పైచిలుకు. వీటినే పిక్సెళ్లు అంటారు. ఒక్కో చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న చుక్కలు. అంటే దాదాపు 69 లక్షలు. ఇన్నింటిలో ఒకటో రెండో పని చేయకపోవడం వింతేమీ కాదు. ఎప్పుడూ నల్లగా ఉండిపోయేదాన్ని ‘డెడ్ పిక్సెల్’ అంటారు. ఒకే రంగులో వెలుగుతూ ఉండిపోయేది ‘స్టక్ పిక్సెల్’. నల్ల చుక్క తెల్ల బొమ్మ మీదే కనిపిస్తుంది, వెలిగే చుక్క నల్ల బొమ్మ మీదే బయటపడుతుంది. కొట్టులో రంగురంగుల సినిమా పాట వేసి చూపిస్తే రెండూ దొరకవు.

రెండోది వెలుగు కారడం. ఎల్‌సీడీ తెరకు వెనకాల నుంచి దీపం వెలుగుతుంది. అంచుల దగ్గర బిగింపు సరిగా లేకపోతే ఆ వెలుగు మూలల్లోంచి తెల్లగా కారుతుంది. కొద్దిపాటిది చవక ట్యాబ్‌లన్నిటిలో ఉండేదే, దానికి కంగారు పడనక్కర్లేదు. మూల మొత్తం లాంతరు పెట్టినట్టు ఉంటే మాత్రం వదలొద్దు.

మూడోది స్పర్శ పోవడం. ఇదే అసలు తెగులు. బొమ్మ చక్కగా కనిపిస్తుంది గానీ ఒక పట్టీ మేర వేలు పెట్టినా పలకదు. కొన్నిసార్లు ఎవరూ ముట్టుకోకుండానే యాప్‌లు వాటంతట అవే తెరుచుకుంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే ఇలా జరుగుతుంటే తప్పు తెరది కాకపోవచ్చు, నాసిరకం చార్జర్‌ది కావచ్చు. ఫిర్యాదు చేసే ముందు డబ్బాలో వచ్చిన చార్జర్‌తోనో, కంపెనీ చెప్పిన రకంతోనో ఓసారి చూడండి.

ఇక రంగు తేడా. తెర పసుపు తిరిగి ఉంటే పాఠాలకు ఇబ్బంది లేదు గానీ రైతుకు ఉంది. మిరపలో పై ముడతా, కింది ముడతా అన్నది ఆకు వంపు చూసి చెప్పొచ్చు. పోషక లోపాలు మాత్రం రంగును బట్టే తెలుస్తాయి. నత్రజని తగ్గితే అడుగున ముదురాకు ముందు పసుపవుతుంది. ఇనుము తగ్గితే లేతాకు పాలిపోతుంది. శాస్త్రవేత్తకు మీరు పంపిన ఫొటో ఆయన తెర మీద సరిగానే కనిపిస్తుంది, ఆయన పంపిన నమూనా బొమ్మ మీ తెర మీద తేడాగా కనిపిస్తుంది. పచ్చగా ఉన్నదీ పసుపుగా తోచి, అవసరం లేని యూరియా బస్తా పొలానికి చేరుతుంది. అయితే ఫిర్యాదుకు వెళ్లే ముందు ఒక్కమాట. సెట్టింగ్స్‌లో ‘నైట్ లైట్’ అనో ‘ఐ కంఫర్ట్’ అనో ఒక సదుపాయం ఉంటుంది. అది పని చేస్తుంటే మంచి తెర కూడా పసుపుగానే ఉంటుంది. ముందు దాన్ని ఆపి చూడండి.

పది నిమిషాల పరీక్ష

బిల్లు వేయందే డబ్బా సీలు తీయమని కొట్టువాళ్లు అంటారు. అది న్యాయమే, సీలు పోయిన డబ్బా మరొకరు కొనరు. బిల్లు వేయించుకోండి, కానీ అక్కడే తీయించండి. తీసేటప్పుడు ఫోన్‌తో వీడియో పట్టించండి. సీలు, డబ్బా మీది సీరియల్ నంబరు, మొదటిసారి తెర వెలగడం, ఈ మూడూ ఒకే వీడియోలో తెగకుండా రావాలి.

తెర మీద అద్దం రేకు, అదే స్క్రీన్ గార్డు, అప్పుడే అతికించనివ్వకండి. కుర్రాడు ఉత్సాహంగా ముందదే అతికిస్తాడు. అతికించాక లోపం కనిపిస్తే అది పుట్టుకతో వచ్చిందా, అతికించేటప్పుడు నొక్కుడు వల్ల వచ్చిందా అన్న తగవు మొదలవుతుంది.

వెళ్లే ముందే మీ ఫోన్‌లో అయిదు బొమ్మలు సిద్ధం చేసుకోండి: అచ్చంగా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. వాటిని కొత్త ట్యాబ్‌లోకి పంపి, వెలుతురు పూర్తిగా పెంచి, ఒక్కొక్కటీ తెర నిండా తెరవండి. నల్ల బొమ్మను బల్ల కిందో, తువ్వాలు కప్పుకునో చీకట్లో చూడాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. కళ్లజోడు ఉన్నవాళ్లు మరవకండి.

స్పర్శకు ఇంకా తేలిక పద్ధతి ఉంది. తెర మీది ఏదైనా యాప్ గుర్తును వేలితో నొక్కి పట్టి, కలుపు తీసే కూలీ సాలు వదలకుండా నడిచినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచుకు వరస వరసగా లాగండి. మధ్యలో జారిపోయిన చోట అనుమానం. అదే చోట మళ్లీ మళ్లీ జారితే అనుమానం కాదు, లోపమే. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లో ‘బిల్డ్ నంబర్’ మీద ఏడుసార్లు తట్టితే ‘డెవలపర్ ఆప్షన్స్’ అనే జాబితా తెరుచుకుంటుంది. అందులో ‘పాయింటర్ లొకేషన్’ పెడితే మీ వేలు తిరిగిన దారంతా గీతగా పడుతుంది. గీత తెగిన చోటును ఫొటో తీసుకోండి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సిమ్ వేసుకునే ట్యాబ్ అయితే ఐఎంఈఐ నంబరు 15 అంకెలు ఉంటుంది. కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపితే అది అసలుదో కాదో తెలుస్తుంది.

మూడో రోజు చుక్క, ముప్ఫయ్యో రోజు చుక్క

ఈ మధ్య ఒక పత్తి రైతు ట్యాబ్ సంచిలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. కొన్న రెండో రోజే తెర కింది భాగంలో రెండు వేళ్ల వెడల్పున స్పర్శ లేదని ఆ పిల్లే కనిపెట్టింది. తండ్రి కొట్టుకు వెళ్తే ‘అప్‌డేట్ వస్తే సర్దుకుంటుంది బాబాయ్, రెండ్రోజులు చూడు’ అన్నారు. మళ్లీ వెళ్తే ఓనరు ఊళ్లో లేడన్నారు. మూడోసారి వెళ్లేసరికి పదకొండు రోజులైంది. ‘మార్పిడి గడువు ఏడు రోజులే, ఇక సర్వీస్ సెంటర్‌కు పో’ అన్నారు. బిల్లు చూస్తే తెల్ల చీటీ. సీరియల్ నంబరు లేదు, తాను ముందే వచ్చినట్టు రాతపూర్వకంగా ఏమీ లేదు. వారంటీ కింద తెర ఉచితంగానే మార్చారు గానీ విడిభాగం వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా పిల్ల పరీక్షలు అయిపోయాయి.

ఈ కథలో కొట్టువాడు అబద్ధం ఆడింది ఒక్కచోటే, సర్దుకుంటుందన్న చోట. చచ్చిన స్పర్శ అప్‌డేట్‌తో తిరిగొచ్చేది బహు అరుదు. మిగతాదంతా రోజులు దాటించడమే. మార్పిడి గడువులో ఉన్నప్పుడు మీరు ‘కొత్తది ఇవ్వండి’ అనగలరు. దాటాక ‘బాగు చేయండి’ అని మాత్రమే అడగాల్సి వస్తుంది.

చుక్కల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. ఒకటి రెండు చుక్కలు పోతే లోపంగా లెక్కించబోమని చాలా కంపెనీలు నిబంధన పెట్టుకున్నాయి. దానికి ఆధారంగా అంతర్జాతీయ ప్రమాణాలూ ఉన్నాయి. 2001 నాటి ఐఎస్ఓ 13406-2 ప్రకారం రెండో తరగతి తెరలో ప్రతి పది లక్షల చుక్కలకు ఎప్పుడూ వెలిగేవి రెండు, ఎప్పుడూ నల్లగా ఉండేవి రెండు, చిన్న చుక్కల లోపాలు అయిదు ఉన్నా పాసే. మన 23 లక్షల చుక్కల తెరకు ఆ లెక్కన నాలుగు నల్ల చుక్కలున్నా సర్వీస్ సెంటర్ ‘బాగానే ఉంది’ అని రాసివ్వొచ్చు. 2008లో దాని స్థానంలో 9241-307 అనే ప్రమాణం వచ్చింది, కొద్దిపాటి లోపాలను అనుమతించే పద్ధతి మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఒక్క చుక్క కోసం పోట్లాడేది మొదటి రోజుల్లోనే, అదీ కొట్టులోనే. నెల తర్వాత అదే చుక్క పట్టుకుని వెళ్తే మీ మాట చెల్లదు.

పగిలిన తెర, నీళ్లు దిగిన తెర ఏ వారంటీలోనూ రావు. సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకి ఉంటే లోపల నొక్కుకుపోయిందని, వాడినవారి తప్పని రాస్తారు. దెబ్బ గుర్తు ఏమీ లేకుండా పైనుంచి కిందికి సన్నని రంగు గీత పడితే అది ఎక్కువగా లోపలి అతుకు లోపం. దానికి వారంటీ గట్టిగా అడగండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు మార్పిడికి ఎన్ని రోజులో కొనకముందే చదవాలి. వస్తువును బట్టి, అమ్మేవాడిని బట్టి అది మారుతుంది. వచ్చినతను డబ్బా తీసి చూపించే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి, చూడకముందు ఓటీపీ చెప్పకండి. కొన్ని కంపెనీలు ముందు తమ సర్వీస్ సెంటర్ నుంచి ‘డీఓఏ’ కాగితం, అంటే వచ్చేటప్పటికే పాడై ఉందన్న ధ్రువపత్రం, తెమ్మంటాయి. ఆ కాగితానికీ గడువు ఉంటుంది. లోపం కనిపించిన రోజే బయల్దేరండి. సర్వీస్ సెంటర్‌లో ట్యాబ్ ఇచ్చేటప్పుడు జాబ్ షీటులో మీ ఫిర్యాదు ఉన్నదున్నట్టు రాయించండి. ‘చెక్ చేయాలి’ అని రాసి ఊరుకుంటారు. ‘కింది భాగంలో స్పర్శ లేదు, పగుళ్లు లేవు’ అని రాయాలి.

మార్చి కొత్తది ఇస్తే అంతటితో సంబరపడి వచ్చేయకండి. దాని సీరియల్ నంబరు వేరు. పాత బిల్లు మీద కొత్త నంబరు వేసి సంతకం, ముద్ర వేయించుకోవాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత నంబరు కలవలేదని తిప్పి పంపుతారు.

చట్టం ఏమంటోంది

2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో రైతు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపారమే. బిల్లు ఇవ్వకపోవడమూ అనుచితమే. కాబట్టి ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. అయితే గడువు మూడు రోజులని చిన్న అక్షరాల్లో బిల్లు వెనక ఉందేమో చూసుకోండి.

మాట వినకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆన్‌లైన్ సంస్థల మీదైతే 2020 నిబంధనల ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఆ పైన జిల్లా కమిషన్. ఒకప్పుడు వినియోగదారుల ఫోరం అనేవాళ్లం. కొన్నది హైదరాబాద్‌లో అయినా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, లాయరూ తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది. నోటీసు అందాక మూడు నెలల్లో, లేబొరేటరీ పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి చూడాలని చట్టం చెబుతోంది. వాయిదాలు పడితే ఇంకాస్త లాగుతుంది, ఆ ఓపిక ఉంచుకుని వెళ్లండి. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి.

అందుకని బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీటు ఒక కవరులో పెట్టి పాసుపుస్తకంతోపాటే దాచండి. బిల్లు అచ్చు ఆరు నెలల్లో వెలిసిపోయే రకమైతే ఆ రోజే జిరాక్స్ తీయించండి. ఖాళీ డబ్బాను పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వకండి, సీరియల్ నంబరు స్టిక్కరు దాని మీదే ఉంటుంది. వారంటీ ఏడాదీ అది అటక మీద ఉండనివ్వండి.