ఒకే సంకేతమా, వేర్వేరు సంకేతాలా? : భారతీయ లిపులు - కంప్యూటర్ నిపుణుల వివాదం

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకున్న రాష్ట్రేతర తెలుగువారిలో చాలామందికి భాష వచ్చు, లిపి రాదు. తెలుగు లిపే వాడుకలో ఉన్న యానాం వారికి ఈ చిక్కు లేదు. తక్కినవారికి తెలుగు పాఠాన్ని వారికి వచ్చిన లిపిలో కంప్యూటర్ చూపగలదా అన్న ప్రశ్నకు సమాధానం, భారతీయ లిపుల సంకేతాల గురించి 1980ల నుంచి నిపుణుల మధ్య నడిచిన ఒక వాదంలో ఉంది.

కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యనే దాచుకుంటుంది. ఆ సంఖ్యకు తెరమీద ఏ రూపం రావాలో ఫాంటు చూసుకుంటుంది. వివాదమంతా ఈ సంఖ్యల పంపకం గురించే.

బ్రాహ్మి నుంచి పుట్టిన మన లిపుల వర్ణక్రమం ఒకటే కనుక, ‘క’ ఏ లిపిలో ఉన్నా దానికి ఒకే సంఖ్య చాలునని మొదటి పక్షం వారన్నారు. వారి దృష్టిలో లిపి అక్షరం వేసుకునే దుస్తు వంటిది. ఇందులో పొదుపు కూడా ఉంది. అప్పటి ఎనిమిది బిట్ల సంకేతంలో ఉన్నవి 256 స్థానాలే. సగం ఇంగ్లీషుకు పోగా మిగిలిన 128లో ఇన్ని లిపులు విడివిడిగా ఇమడవు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐ.ఎస్. 13194గా ప్రకటించిన ‘ఇస్కీ’ ఈ వాదానికి ఫలం. అన్ని లిపులకూ ఒకే అమరిక గల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఈ ఆలోచన నుంచి వచ్చినదే.

రెండవ పక్షం వారి ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. సంఖ్య ఒకటే అయినప్పుడు, ఇది తెలుగా కన్నడమా అని చెప్పే గుర్తును పాఠంలో వేరే పెట్టాలి. ఆ గుర్తు జారిపోతే తెలుగు ఉత్తరం నాగరిలో ప్రత్యక్షమవుతుంది. రెండు లిపులు కలిసిన వ్యాసంలో ఈ అవస్థ అడుగడుగునా తప్పదు.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు మధ్యేమార్గం పట్టింది. ఒక్కొక్క లిపికి 128 స్థానాల వేరు గది ఇచ్చింది. కాని గదిలోపలి వరుసను మాత్రం 1988 నాటి ఇస్కీ ప్రకారమే ఉంచింది. అందువల్ల తెలుగు ‘క’ సంఖ్య 3093 అయితే, కన్నడ ‘క’ 3221, తమిళ ‘క’ 2965. తెలుగు గదికి ఒక పక్క కన్నడం, ఇంకొక పక్క తమిళం. తెలుగు సంఖ్యకు 128 కలిపితే కన్నడం, 128 తీసివేస్తే తమిళం, 256 తీసివేస్తే ఒడియా, 768 తీసివేస్తే మరాఠీ వాడే నాగరి. పొదుపు కోసం చేసిన ఏర్పాటు ఇలా లిపి మార్పిడికి అక్కరకు వచ్చింది.

కన్నడం విషయంలో ఈ కూడిక దాదాపు పూర్తిగా ఫలిస్తుంది. హ్రస్వ ఎ, ఒలు రెండింటా ఉన్నాయి, ళ, ఱలు ఉన్నాయి. 2008లో తెలుగుకు చేర్చిన ౘ, ౙలకు మాత్రం అటు జతలేదు. శాసన పరిశోధకులు గమనించవలసిన వింత ఒకటుంది. 2014లో చేర్చిన ప్రాచీన తెలుగు ‘ఴ’ను వరుస ప్రకారం దాని స్థానంలోనే పెట్టారు, కన్నడంలోని అదే అక్షరం మాత్రం వరుస తప్పి చివర ఉంది, పైగా ‘ఫ’ అన్న తప్పు పేరుతో. ఒకసారి పెట్టిన పేరు మార్చరాదన్నది యూనికోడ్ నియమం. సవరణను పక్కన రాసుకోవడం తప్ప గతిలేదు.

ఒడియాలో హ్రస్వ ఎ, ఒలు లేవు. ‘మెడ’ అని రాస్తే నడిమి గుణింతం ఉండవలసిన చోట ఖాళీయే మిగులుతుంది. దాన్ని దీర్ఘంగా మారిస్తే మెడ, మేడ ఒకటవుతాయి. ‘య’కు ఎదురుగా పడే ఒడియా అక్షరాన్ని వారు ‘జ’ అని చదువుతారు కనుక యాత్ర జాత్ర అవుతుంది. నాగరిలో హ్రస్వాలకు యూనికోడ్ స్థానం ఉన్నా, మరాఠీ చదివినవారికి ఆ గుర్తులు పరిచయం ఉండవు. ‘కల’ను వారు ‘కల్’ అనే చదువుతారు.

అసలు ఇబ్బంది తమిళంలో. అక్కడ గ, డ, ద, బ స్థానాలు ఖాళీ. ‘గాలి’ని తీసివేతతో మారిస్తే మొదట ఒట్టి పెట్టె కనిపిస్తుంది. ఖాళీలను క, ప వంటి వాటితో పూరిస్తే బాట, పాట ఒకే మాటగా మారతాయి. అచ్చుల నడుమ ‘ట’ను ‘డ’గా పలకడం తమిళ పద్ధతి కనుక ‘పాట’ను ‘పాడ’ అనే చదువుతారు. తమిళ లిపికి ఈ ఉమ్మడి అచ్చు సరిపోదన్న వాదం తమిళులలోనూ బలంగా ఉంది; తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌తో పాటు ‘టేస్ 16’ అనే వేరొక సంకేతాన్ని కూడా ప్రమాణంగా గుర్తించింది. నిజానికి దీనికి పరిష్కారం కంప్యూటర్లకంటే పాతది. త్యాగరాజ కృతులను తమిళ లిపిలో అచ్చువేసేవారు అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఖ, గ, ఘలను చూపుతూ వచ్చారు. ప్రోగ్రాము రాసేవారు వట్టి తీసివేతను నమ్ముకోక ఈ అంకెల పద్ధతినే తీసుకోవడం మేలు.

ఇలా లిపి మార్చి ఇస్తే పిల్లలు తెలుగు లిపి ఇక నేర్చుకోరన్న భయం ఒకటుంది. బెంగళూరు, బళ్ళారి వారి విషయంలో నాకు ఆ భయం లేదు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. కన్నడ పంక్తి కింద తెలుగు పంక్తి వేసి చూపితే పిల్లవాడు తేడాలను తానే పట్టుకుంటాడు. తమిళనాట మాత్రం ఆ పోలిక అందదు కాబట్టి లిపిని విడిగా నేర్పవలసిందే.

ఈ పని చేపట్టే సంఘాలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కన్నడంలోకి మార్చిన పాఠం నుంచి 128 తీసివేస్తే తిరిగి తెలుగు వస్తుంది. అంకెలు లేని తమిళ ప్రతి నుంచి అలా రాదు. అది బాటో పాటో యంత్రానికి తెలియదు. కనుక తెలుగు మూలాన్ని భద్రపరచి, తమిళాన్ని చదువుకునే ప్రతిగానే వాడాలి.