గన్‌పార్కు స్తూపము: వీరగల్లు దృష్టితో

వీరగాథలను గూర్చి మనము విరివిగా వ్రాసితిమి. వీరుని కొఱకు నిలిపిన ఱాతిని మాత్రము తఱచుగా శాసనపాఠము నెత్తి వ్రాసికొనుటకే చూచితిమి. ఆ ఱాతి రూపమును గూడ పాఠముగా చదువదగును.

వీరగల్లును క్రిందినుండి పైకి చదువవలెను. అంతస్తులుగా చెక్కిన వానిలో అడుగున పోరు, నడుమ వీరుని కొనిపోవు అప్సరసలు, పైన శివసన్నిధి కనబడును. ఆయుధపాణియైన ఒక్క మూర్తి మాత్రమే గలవియు తెలుగునాట పెక్కు. ఎట్లున్నను అక్షరము రానివానికి సైతము కథ తెలియును. కారెంపూడి వీరుల గుడిలో మార్గము వేఱు. అచ్చట ఆయుధములే వీరులై పూజ లందుకొనును.

లక్డీకాపూల్‌నుండి శాసనసభవైపు పోవువారు చూచు గన్‌పార్కు అమరవీరుల స్తూపము 1969 తెలంగాణోద్యమ మృతుల స్మారకము. మృతులు 369 మందియని ప్రసిద్ధి. 1970లో శంకుస్థాపన జరిగి, 1975లో నిర్మాణము ముగిసినది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఇది యుద్ధస్మారకము కాదుగదా యని శంకింపవచ్చును. వీరగల్లులును రాజుల యుద్ధములకే చెందినవి కావు; ఆలమందను కాచుచు మడిసినవానికిని నిలిపిరి.

ఇచ్చట మనుష్యాకృతి లేదు. నల్లఱాతి పీఠమున ప్రతి ముఖమందును తొమ్మిది గుంటలు, తుపాకిగుండ్ల గుర్తులుగా. ఆపైన సాంచీని తలపించు ఎఱ్ఱని తోరణము. నడుమ స్తంభముపై తొమ్మిది చాళ్లు, ధర్మచక్రము. శిఖరమున తొమ్మిది రేకుల తెల్లని పూవు.

తొమ్మిది యనగా నాటి తెలంగాణ జిల్లాలు. 1978లో రంగారెడ్డి జిల్లాతో అవి పదియైనవి. 2019 నాటికి ముప్పదిమూడు. కావున నేటి విద్యార్థికి ఆ రేకులను వివరింపక తప్పదు. సంఖ్యాసంకేతమునకు గల ఇబ్బంది యిదియే: పాలనపటము మాఱినంతనే దానికి వ్యాఖ్యాత కావలసివచ్చును. వీరగల్లునకు ఆ యవసరము తక్కువ.

చక్రతోరణములు గంభీరములే గాని, ఏ ప్రభుత్వ భవనమునకైనను ఒప్పును. గుంటలు అట్లు కావు. అవి ఈ స్మారకమునకు మాత్రమే చెందును. మృతుని మూర్తిని విడిచి మృత్యువు గుర్తును నిలుపుట కారెంపూడి ఆయుధములకు దగ్గఱ; భేదమేమన, అచ్చట వీరుని చేతి కత్తి, ఇచ్చట ఎదుటివాని గుండు. నిరాయుధుల స్మారకమునకు వేఱు గుర్తు దొరకుట కష్టము.

హుస్సేన్‌సాగరతీరమున 2023లో ప్రారంభమైన అమరజ్యోతి అతుకు కనబడని ఉక్కుప్రమిద. దాని నునుపు చూపరుల ముఖములనే ప్రతిఫలించును. గన్‌పార్కులో నా విద్యార్థు లెవరును చెప్పకయే గుంటలలో వ్రేలుంచి చూచిరి. పూవును గూర్చి మాత్రము నన్ను అడిగిరి.