వాయిదా తప్పిన ట్రాక్టరు

కాలువలకు నీరు వదలిన కొద్ది దినములకే మండవల్లి చేలలో దమ్ము మొదలగును. ఆ రోజులలో ట్రాక్టరున్న రైతు తన పొలముతో బాటు ఇరుగుపొరుగు పొలములు కూడ దున్ని వాయిదా సొమ్ము సంపాదించుకొనగలడు. సరిగా అప్పుడే అప్పిచ్చినవారు బండిని పట్టుకొనిపోయినచో ఆ సొమ్ము రాదు, నాట్లు ఆలస్యమగును, అప్పు మాత్రము అట్లే యుండును.

బాకీ క్రింద కాడి యెడ్లను, వ్యవసాయపు పనిముట్లను, విత్తనపు ధాన్యమును జప్తు చేయరాదని పెద్దలు చెప్పుదురు. నిజమే. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఆ రక్షణ నిచ్చినది. అది నేటికిని అమలులో నున్నది. ట్రాక్టరుకు కూడ ఇది వర్తించునని కొందరు ధైర్యముతో ఉందురు. ఆ ధైర్యము చెల్లదు. ఆ సెక్షను కోర్టు చేయు జప్తును గురించినది. ట్రాక్టరును మీరే, దానిని కొనుటకు తెచ్చిన అప్పుకు, తాకట్టు పెట్టితిరి. సి-బుక్కు తీసి చూడుడు. 1988 మోటారు వాహనముల చట్టము 51వ సెక్షను ప్రకారము అప్పిచ్చినవారి పేరు అందులో వ్రాయబడి యుండును. వాయిదాలు తప్పి బండి వారి చేతికి పోయిన పిమ్మట, మీకు నోటీసు ఇచ్చి, రిజిస్ట్రేషనును వారి పేరిటకు మార్చుటకు కూడ ఆ సెక్షనులో వీలు కలదు.

ఇంత హక్కున్నను వారిష్టము వచ్చినట్లు చేయుటకు లేదు. రౌడీలను పంపి బండ్లు లాగుకొనుట తగదని సుప్రీంకోర్టు 2007లో గట్టిగా చెప్పినది. ఫైనాన్సు కంపెనీలకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమేమనగా, స్వాధీనమునకు ముందు ఎన్ని రోజుల నోటీసు, ఎట్టి సందర్భములో నోటీసు అక్కరలేదు, అమ్మకమునకు ముందు చివరి అవకాశము ఎట్లు అన్న సంగతులు ఒప్పందములోనే ఉండవలెను. ఆ ఒప్పందపు ప్రతి మీ యింటిలో ఉన్నదా? చాలమంది సంతకము పెట్టినది చదువరు, ప్రతిని అడుగరు. ఈ రోజే వెళ్లి అడుగుడు. ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 దాటిన పిమ్మట వసూలు కొరకు ఫోను చేయరాదని కూడ 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది.

అసలు చిక్కు వాయిదా తేదీలలో ఉన్నది. వరి రైతుకు సొమ్ము నూర్పిడికి వచ్చును, చేపల చెరువు లీజుకు చేయువానికి పట్టుబడికి వచ్చును. నెలనెలా కట్టెదనని వ్రాసి యిచ్చినవాడు ఏ నెల ఎక్కడినుండి తెచ్చును? అప్పు తీసికొనునాడే ఆరు నెలల వాయిదా అడుగుడు. బ్యాంకు ఇచ్చిన వ్యవసాయ ఋణమైనచో స్వల్పకాలపు పంటలకు రెండు పంటకాలములు మీరిన పిమ్మటనే అది మొండి బాకీ అగును. సాధారణపు అప్పుకు 90 రోజులే గడువు. బుడమేరు పొంగిన 2024 వంటి సంవత్సరములో కూడ వాయిదా దానంతట అదే ఆగదు. నష్టము జరిగిన వెంటనే, వాయిదా తేదీకి ముందే, వాయిదాలను మార్చి వ్రాయుడని వ్రాతపూర్వకముగా కోరి, అందినట్లు సంతకము తీసికొనవలెను.

బండి తీసికొనుటకు మనుష్యులు వచ్చినప్పుడు కొట్లాటకు దిగవద్దు. వారి గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రము చూపుమనుడు. ఫొటోలు తీయుడు. ట్రక్కు, గొర్రు, బ్యాటరీ, టైర్ల స్థితి అన్నియు వ్రాసిన జాబితాపై వారి సంతకము పట్టుడు. అప్పు బండి మీదనే అయి, ట్రక్కు మీ స్వంత సొమ్ముతో కొన్నదైనచో ఆ మాట అక్కడే చెప్పి వ్రాయించవలెను.

బండి పోయినది, బాకీ తీరినది అనుకొనుట అన్నిటికన్న పెద్ద పొరపాటు. ఉదాహరణకు బాకీ 4,20,000 రూపాయలు, వేలములో వచ్చినది 3,00,000, ఖర్చులు 15,000 అనుకొందము. ఇంకను 1,35,000 మీరు ఇయ్యవలసినదే. మీరివ్వకున్నచో జామీను సంతకము పెట్టిన పొరుగువానిని అడుగుదురు. 1872 కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా లేనప్పుడు, మీకున్నంత బాధ్యత అతనికిని కలదు. స్నేహము కొద్దీ సంతకము పెట్టినవాడు తన పంట ఋణమునకు పోయినప్పుడు, ఈ బాకీ తన పేర కూడ కనబడి తెల్లబోవును. కనుక వేలము లెక్క వ్రాతపూర్వకముగా అడుగుడు. మిగులు ఉన్నచో అది మీది.

కనబడుట ఎక్కడ అందురా? సిబిల్ వంటి నాలుగు సంస్థలు ప్రతి ఋణగ్రహీత చరిత్రను వ్రాసియుంచును. మార్కులు 300 నుండి 900 వరకు. బండి స్వాధీనము, తగ్గించి తీర్చుకొన్న బాకీ, రద్దు వ్రాసిన బాకీ ఆ చరిత్రలో ఏండ్ల తరబడి నిలుచును. ‘సగము కట్టు, తీర్చివేయుదుము’ అని ఏజెంటు చెప్పినప్పుడు ఆ సగపు లాభముతో బాటు ఈ మచ్చను కూడ లెక్క వేసికొనుడు. చేయగలిగినచో మొత్తము కట్టి ‘బాకీ లేదు’ అన్న పత్రము తీసికొనుటయే మేలు. ప్రతి సంస్థయు ఏడాదికొకసారి మీ నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. అందులో తప్పున్నచో ఫిర్యాదు చేయుడు. 30 రోజులు దాటినచో రోజుకు 100 రూపాయల పరిహారము కలదు. కంపెనీ మీ ఫిర్యాదుకు నెలలోపల జవాబియ్యకున్న రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ వ్రాయవచ్చును. సహకార సంఘ కార్యదర్శులు, గ్రామ రెవెన్యూ అధికారులు చదువురాని రైతులకు ఈ అర్జీలు వ్రాసిపెట్టినచో ఎంతో మేలగును.

అప్పు పూర్తిగా తీరినవారు 35వ నంబరు ఫారముతో రవాణా కార్యాలయమునకు పోయి సి-బుక్కులోని తాకట్టు మాటను కొట్టివేయించుకొనవలెను. లేనిచో బండి అమ్మబోవునాడు మరల ఆ కంపెనీ గుమ్మమే ఎక్కవలసి వచ్చును.