ఫైలు పై గదిలో.. ప్రింటర్ కింది షాపులో!

‘‘అన్నా, ఫోల్డర్ మళ్ల ఓపెన్ అయితలేదు.’’

‘‘ఛల్, పెన్‌డ్రైవ్‌ల ఏస్కొని కిందికి రా.’’

చార్మినార్‌కి దక్షిణంగా, శాలిబండ గడియార స్తంభం చుట్టుపక్కల సందుల్లో కింద షాపు, పైన ఇల్లు ఉన్న కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే ఈ సంభాషణ మామూలే. పెళ్లికార్డుల పని చేసే ఇల్లు ఒకటి ఊహించుకోండి. తమ్ముడు పై గదిలో కూర్చుని కోరల్ డ్రాలో డిజైన్ చేస్తాడు. కింద అన్న ప్రింట్ తీస్తాడు, లేదంటే ఫైలు పట్టుకుని ఛత్తా బజార్ ప్రెస్‌కి వెళ్తాడు. రెండు కంప్యూటర్ల మధ్య ఒక షేర్డ్ ఫోల్డర్. నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటోంది.

పెన్‌డ్రైవ్ ఉండగా దీనికింత గొడవెందుకు అనిపించొచ్చు. కానీ పెన్‌డ్రైవ్‌తో అసలు చిక్కేంటంటే, ఒకే ఫైలుకి రెండు కాపీలు పుడతాయి. పెళ్లివాళ్లు రాత్రి ఫోన్ చేసి ముహూర్తం మార్చారనుకోండి. తమ్ముడు పై కంప్యూటర్లో మార్చేశాడు. అన్న పొద్దున్నే కిందున్న పాత కాపీతో 500 కార్డులు కొట్టించేశాడు. ఇక ఆ ఖర్చు ఎవరిమీద పడుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే ఫోల్డర్ తెరుచుకోవాలి. అయితే ఎలా తెరిపిస్తున్నారన్నదే అసలు విషయం. ఫోల్డర్ రాకపోతే చాలామంది చేసే మొదటి పని ఓ వీడియో చూసి ఫైర్‌వాల్ ఆపేయడం, పాస్‌వర్డ్ తీసేయడం, ‘ఎవ్రీవన్’కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయడం. ఒక్క తలుపు బిగుసుకుందని ఇంటి తలుపులన్నీ ఊడబీకినట్టే ఇది. ముందు ఏ తలుపు బిగుసుకుందో చూడాలి. దానికి కావలసిన పనిముట్టు మీ చేతిలోనే ఉంది.

ఫోనే టెస్టర్

ఐఫోన్‌లో ‘ఫైల్స్’ యాప్ తెరిస్తే, పైన మూడు చుక్కల మెనూలో ‘కనెక్ట్ టు సర్వర్’ ఉంటుంది. 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచీ ఉన్న సదుపాయమే ఇది. ఆండ్రాయిడ్‌లో సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ లాంటి ఫైల్ మేనేజర్లు ఈ పని చేస్తాయి. సినిమాలకి వాడే వీఎల్‌సీ కూడా ‘లోకల్ నెట్‌వర్క్’లో షేర్డ్ ఫోల్డర్లను చూపిస్తుంది.

ఇప్పుడు కింద అన్న కంప్యూటర్ ఉన్న వైఫైకే ఫోన్‌ని కలిపి, పై కంప్యూటర్ ఫోల్డర్ తెరవండి. ఫోన్‌లో వచ్చిందా? అయితే పై కంప్యూటర్‌కి ఏ రోగమూ లేదు, తేడా అన్న కంప్యూటర్లోనే. ఫోన్‌లోనూ రాలేదా? అప్పుడు అన్న కంప్యూటర్ని వదిలేసి పై కంప్యూటర్‌నో, మధ్యలో ఉన్న రౌటర్‌నో పట్టుకోవాలి. రెండు నిమిషాల పని, సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇంకోటి. పై కంప్యూటర్ నిద్రపోతోందేమో చూశారా? స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్ ఫోల్డర్ ఎవరికీ కనపడదు. నవ్వకండి, చాలా ఇళ్లలో జబ్బు ఇదే.

మూరెడు మందం గోడలు

పాతబస్తీ ఇళ్లకి ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది. పాత దేవిడీల కాలం నాటి గోడలు రాయి, డంగు సున్నంతో కట్టినవి. మూరెడు మందం ఉంటాయి. ఎండాకాలంలో చల్లగా ఉంచే ఆ గోడలే వైఫైని మింగేస్తాయి. అందులోనూ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటడంలో 2.4 కంటే బలహీనం. దాంతో ఏం చేస్తాం? పాత రౌటర్ పారేయకుండా దాచి ఉంచుతాం కదా, దాన్ని పై గదిలో పెట్టి కింది రౌటర్ నుంచి ఒక కేబుల్ లాగేస్తాం. నెట్ వచ్చేసింది, అందరూ ఖుష్.

కానీ ఆ కేబుల్‌ని పై రౌటర్‌లో ‘వాన్’ అని రాసి ఉన్న పోర్టుకి గుచ్చితే, అది పైన సొంతంగా ఇంకో నెట్‌వర్క్ కట్టుకుంటుంది. ఇల్లు ఒకటే, మొహల్లాలు రెండు! ఇది కనుక్కోవడం తేలిక. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ కమాండ్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అని ఒక నంబర్ వస్తుంది. కింద 192.168.1.10, పైన 192.168.1.14 లాంటివి వస్తే మంచిదే, మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు భాగాలూ కలిస్తే రెండూ ఒకే మొహల్లా. కింద 192.168.29.10, పైన 192.168.0.14 వచ్చిందంటే మాత్రం దొంగ దొరికినట్టే.

ఇక్కడే ఓ తమాషా. ఇలా కట్టిన ఇంట్లో పై కంప్యూటర్ నుంచి కింది కంప్యూటర్‌ని నంబర్‌తో పిలిస్తే పలుకుతుంది. కింది నుంచి పైకి పిలిస్తే మాత్రం పలకదు. పై రౌటర్ తన ఇంటివాళ్లని బయటికి పోనిస్తుంది, బయటివాళ్లని లోపలికి రానివ్వదు. ‘నాకు వస్తుంది, నీకెందుకు రాదు’ అని అన్నదమ్ములు గొడవపడేది ఇందుకే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పై రౌటర్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే అది పెట్టేయండి, పని అయిపోతుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, దాని సొంత అడ్రస్ కింది రౌటర్ అడ్రస్‌తో ఢీకొనకుండా మార్చి, కేబుల్‌ని ‘వాన్’లోంచి తీసి ‘లాన్’ పోర్టులో పెట్టాలి. ఇదంతా రాదు, పెళ్లి ఎల్లుండే అంటారా? షేర్డ్ ఫోల్డర్‌ని పై కంప్యూటర్లో కాకుండా కింది కంప్యూటర్లో పెట్టండి. పై నుంచి కిందికి దారి ఎలాగూ ఉంది కదా!

గెస్ట్ వైఫైది కూడా ఇలాంటి కథే. చుట్టాల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌కి కంప్యూటర్ తగులుకుని ఉంటే నెట్ వస్తుంది కానీ పక్క కంప్యూటర్ కనపడదు. కనపడకూడదనే కదా దాన్ని పెట్టింది.

కొత్త రౌటర్ వచ్చినరోజు

‘రౌటర్ మార్చినప్పటి నుంచీ రావట్లేదు’ అనేవాళ్లు ఎక్కువ. పేరు మారగానే విండోస్‌కి అది ఎవరో తెలియని నెట్‌వర్క్. రైల్వేస్టేషన్ వైఫై ఎంతో, మీ ఇంటి వైఫై అంతే. విండోస్ 11 దాన్ని ‘పబ్లిక్’ అని రాసుకుని, పక్కవాళ్లకి కనపడకుండా ముసుగేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ‘ప్రైవేట్’ ఎంచుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. ఫైర్‌వాల్‌కి కావలసిన దారి అదే తెరుచుకుంటుంది, మొత్తం ఆపే పని లేదు.

‘నెట్‌వర్క్’ కిటికీలో పక్క కంప్యూటర్ బొమ్మ రాకపోయినా దిగులొద్దు. బొమ్మ కనిపించడం వేరు, ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. అడ్రస్ బార్‌లో \\192.168.1.14 అని నేరుగా కొట్టి చూడండి. నంబర్‌తో వచ్చి పేరుతో రాకపోతే తేడా పేరు వెతికే దగ్గరే ఉంది. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి అదే నంబర్ ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేసి, నంబర్‌తోనే షార్ట్‌కట్ పెట్టుకుంటే సరిపోతుంది.

పిన్ కొడితే తలుపు తీయదు

ఇంతవరకూ దాటితే ఓ చిన్న కిటికీ వచ్చి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ పడిపోయేవాళ్లే ఎక్కువ. రోజూ కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్‌ని ఇక్కడా కొడతారు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద పనిచేయదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డే లేని లోకల్ అకౌంట్‌తో నెట్‌వర్క్ నుంచి లోపలికి రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

నన్నడిగితే ఈ తలనొప్పికి ఒకటే మందు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని తయారు చేయండి. పేరు ‘దుకాణం’ అనే పెట్టుకోండి, ఇంగ్లిష్ అక్షరాల్లో. దానికో గట్టి పాస్‌వర్డ్. ఆ యూజర్‌కి ఆ ఒక్క ఫోల్డర్ మీదే అనుమతి ఇవ్వండి. అనుమతి కూడా రెండు చోట్ల ఉంటుందని మర్చిపోవద్దు. ప్రాపర్టీస్‌లో ‘షేరింగ్’ ఒకటి, ‘సెక్యూరిటీ’ ఇంకోటి. రెండింటిలో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఎంత ఉదారంగా ఇచ్చినా సెక్యూరిటీలో లేకపోతే ‘యాక్సెస్ డినైడ్’ తప్పదు. అంతా సరిగ్గా ఉన్నా రాకపోతే, అడిగే కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాత పాస్‌వర్డ్ తీసేయండి. అది నోరెత్తకుండా పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది.

‘మీ సంస్థ’ ఎవరండీ?

ఏళ్ల తరబడి పనిచేసిన ఫోల్డర్ విండోస్ 11 అప్‌డేట్ తర్వాత ఆగిపోయిందా? 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌లో, ప్రో ఎడిషన్ వాడేవాళ్లకి రెండు నియమాలు బిగిశాయి. పాస్‌వర్డ్ లేకుండా ‘గెస్ట్’గా వేరే కంప్యూటర్లోకి పోవడం బంద్. రెండోది, రెండు కంప్యూటర్ల మధ్య వెళ్లే ప్రతి సందేశం మీద ‘సంతకం’ ఉండాలి. దారిలో ఎవరూ మార్చలేదని రుజువన్నమాట. ఆ సంతకానికి కావలసిన తాళం పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితేనే పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేనప్పుడు సంతకం ఎక్కణ్నుంచి వస్తుంది?

అప్పుడు వచ్చే ఎర్రర్ చదివితే నవ్వొస్తుంది. మీ సంస్థ భద్రతా నియమాలు గెస్ట్‌ని అడ్డుకుంటున్నాయి అంటుంది. ఇంట్లో సంస్థ ఎవరు, అమ్మా? ఆఫీసుల కోసం రాసిన వాక్యం అలాగే ఇళ్లకీ వచ్చేసింది. రౌటర్‌కి తగిలించిన హార్డ్‌డిస్క్‌ని పాస్‌వర్డ్ లేకుండా వాడుకునేవాళ్లకి కూడా ఈ దెబ్బ తగులుతుంది. ఆ నియమాన్ని పీకేసే చిట్కాలు బోలెడు దొరుకుతాయి. వాటికంటే అవతలి పెట్టెకి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టడం సులువు.

ఇంకో చిట్కా కూడా తిరుగుతుంటుంది. ‘విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1.0 ఆన్ చేయండి’ అని. నక్కో భాయ్! ఫోల్డర్లు పంచుకునే భాష పేరే ఎస్‌ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది. దాని మొదటి వెర్షన్‌లోని కన్నంలోంచే 2017 మే 12న వానాక్రై దూరింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళాలేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆగిపోయాయి, ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని చిక్కుకున్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి. అదే ఏడాది నుంచి విండోస్ 10లో ఈ పాత భాషని ముందుగా పెట్టడం మానేశారు.

మరి ఆ పాత పెట్టె సంగతి?

ప్రింటింగ్ ఇళ్లలో ఓ పాత కంప్యూటర్ మూలన బతికే ఉంటుంది. తెలుగుకి అనూ ఫాంట్లు, ఉర్దూకి ఇన్‌పేజ్, పదిహేనేళ్ల కార్డుల డిజైన్లు అన్నీ అందులోనే. కొత్తదానికి మారిస్తే అక్షరాలు చెదిరిపోతాయని భయం, అది అర్థం చేసుకోదగ్గదే. అది విండోస్ 7 అయితే పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌తో కొత్త విండోస్ 11తో మాట్లాడగలదు, ఎస్‌ఎంబీ 1 అక్కర్లేదు. కానీ 2020 జనవరిలోనే దానికి మద్దతు ఆగిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచడం మేలు.

ఎక్స్‌పీ అయితే మాత్రం దానికి వచ్చింది మొదటి వెర్షన్ భాషే. దానికోసం ఇల్లంతా వెనక్కి వెళ్లడం దండగ. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఆ ఒక్కదానికీ పెన్‌డ్రైవ్‌తోనే కానివ్వండి. పదిహేనేళ్ల డిజైన్లని ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ అయ్యాక డిస్క్ తీసి బీరువాలో పెట్టేయండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకి తాళం పడినరోజు దానికీ పడుతుంది.