అచ్చాఫీసు దాచిపెట్టిన అక్షరం

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరం. షెల్ట్ నదికి కూతవేటు దూరంలో ఫ్రైడాగ్‌మార్క్ట్ అనే చిన్న కూడలి. దానికి ముఖం చేసి నిలబడ్డ పాత భవంతే ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం. ఒకప్పుడు యజమాని కాపురం, అచ్చాఫీసు, పుస్తకాల దుకాణం అన్నీ ఇక్కడే. 1876లో మోరెటస్ కుటుంబం దీన్ని సామాన్లతో సహా నగరానికి అమ్మేసింది. మరుసటి ఏడాది మ్యూజియంగా తెరిచారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన క్రిస్టఫ్ ప్లాంటిన్ మొదట్లో పుస్తకాలకు బైండింగ్ చేసేవారు. 1555లో అచ్చుపనిలోకి దిగారు. 1568-73 మధ్య అయిదు భాషల బైబిల్‌ను ఎనిమిది సంపుటాల్లో అచ్చువేసి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నారు. 1589లో ఆయన పోయాక అల్లుడు యాన్ మోరెటస్, ఆ తర్వాత ఆయన వారసులు వ్యాపారం నడిపారు.

ప్రెస్సు గదిలో 1600 ప్రాంతం నాటి చెక్క యంత్రాలు రెండున్నాయి. ప్రపంచంలో మిగిలిన అచ్చు యంత్రాల్లో ఇంతకన్నా పాతవి లేవు. అక్షరాలు చెక్కిన ఉక్కు పంచ్‌లు వేలల్లో ఉన్నాయి. కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కి, రాగి ముక్క మీద సుత్తితో కొట్టేవారు. అలా గుంట పడిన ముక్కను అచ్చులో బిగించి కరిగిన సీసం పోస్తే టైపు తయారయ్యేది.

ఇంగ్లండ్‌లోని అచ్చు అక్షరాల యంత్రాలు తయారుచేసే మోనోటైప్ కంపెనీ ఫ్యాక్టరీ మేనేజర్ ఫ్రాంక్ పియర్‌పాంట్ ఈ మ్యూజియంలోని ఒక పాత టైపు నమూనాను ఆధారం చేసుకుని 1913లో అక్షరాల కొసల్లో చిన్న గీతలుండే (సెరిఫ్) కొత్త టైపు తయారు చేయించారు. పేరు ‘ప్లాంటిన్’. తమాషా ఏమిటంటే, దానికి మూలమైన అక్షరాలు చెక్కింది ప్లాంటిన్ కాదు, పంచ్‌లు చెక్కే రాబర్ట్ గ్రాన్‌జోన్. అవి ఈ అచ్చాఫీసుకు చేరిందే ప్లాంటిన్ పోయాక!

ఈ టైపుకున్న నిండుదనానికి కారణం కాగితమే. పాత రోజుల్లో తడిపిన గరుకు కాగితం మీద సిరా పాకి గీతలు లావెక్కేవి. ఇరవయ్యో శతాబ్దపు నున్నటి కాగితం మీద సిరా పాకదు, పాత టైపులు బక్కచిక్కి కనిపించేవి. అందుకే ఆ లావును అక్షరంలోనే కలిపేశారు. బి, డి, హెచ్‌ల కాడలు పొట్టి చేసి, ఎ, ఇ, ఓలను పెద్దవి చేశారు. దాంతో తక్కువ చోటులో ఎక్కువ మాటలు పడతాయి, సైజు తగ్గించినా చదవడానికి ఇబ్బంది ఉండదు. పుస్తకాలు, పత్రికలు దీన్ని ఇష్టపడింది అందుకే. లండన్ ‘టైమ్స్’ కోసం కొత్త టైపు గీయించినప్పుడు మోనోటైప్ సలహాదారు స్టాన్లీ మోరిసన్ ముందు పెట్టుకున్న నమూనాల్లో ప్లాంటిన్ ఒకటి. 1932లో ఆ పత్రికలో దిగిన ఆ కొత్త టైపే టైమ్స్ న్యూ రోమన్. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ దరఖాస్తు కొట్టిన మనవాళ్లలో దాన్ని వాడనివారు అరుదు.

పాత టైపు సీసాన్ని కరిగించి అమ్ముకున్న అచ్చాఫీసులు లోకంలో కోకొల్లలు. మోరెటస్ కుటుంబం పంచ్‌ల దగ్గర్నుంచి పద్దుల పుస్తకాల దాకా దాచి ఉంచబట్టే పియర్‌పాంట్‌కు నమూనా దొరికింది. ఆంట్‌వెర్ప్ వెళ్లేవాళ్లు వజ్రాల వీధితో పాటు ఈ ఇంటికీ ఓ పూట కేటాయించండి. సోమవారం మాత్రం సెలవు.