కుర్ట్ ష్విట్టర్సు: మిశ్రమాధ్యమ కళాసాధన

రంగులతోపాటు కాగితము, గుడ్డ, కొయ్య మున్నగువానిని ఒకే కృతియందు కూర్చుట మిశ్రమాధ్యమ కళ. ఈ కూర్పు కేవలము అలంకారమా, లేక కళాకారుని దృష్టినే మార్చు సాధనయా? జర్మను చిత్రకారుడు కుర్ట్ ష్విట్టర్సు (1887–1948) జీవితము ఈ ప్రశ్నకు సమాధాన మొసగుచున్నది.

ఆతడు డ్రెస్డెను అకాడమీలో సంప్రదాయ చిత్రలేఖనము నభ్యసించెను. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము దేశము ఛిన్నాభిన్నము కాగా, జనులు పారవైచిన ట్రాము టిక్కెట్లను, చినిగిన ప్రకటనలను, చెక్కముక్కలను ఏరి, జిగురుతోను మేకులతోను పటములుగా సంతరించెను. వాణిజ్యవాచకమైన 'కొమ్మెర్జ్' అను పదమునుండి తెగిన 'మెర్జ్' అను శకలము 1919లో ఆతని కళకు పేరయ్యెను. సాహిత్య విద్యార్థులు గమనింపవలసిన దిదియే: శబ్దము సైతము ఆతనికి చెక్కముక్కవలె ఒక ఉపాదానము. 'ఉర్ సొనాటే' యను దీర్ఘకృతిని ఆతడు అర్థరహిత ధ్వనులతోనే నిర్మించెను.

నాజీల భయమున ఆతడు 1937లో నార్వేకును, 1940లో బ్రిటనుకును వలసపోయెను. అచట శత్రుదేశీయుడని నిర్బంధింపబడి, సామగ్రి కఱవైన శిబిరమున ఓట్ల జావతో శిల్పములు చేసెను. హనోవరులోని స్వగృహమున ఏండ్లతరబడి పెంచిన 'మెర్జ్ బౌ' నిర్మాణము 1943లో బాంబుదాడికి ధ్వంసమయ్యెను. అయినను 1947లో ఎల్టర్ వాటరు గ్రామసమీపమున ఒక కొట్టపు గోడపై మరల పని ప్రారంభించెను.

ఇన్ని ప్రయోగముల నడుమను ప్రకృతిదృశ్యములను, రూపచిత్రములను చిత్రించుట ఆతడు మానలేదు. నేర్చినదానిని త్యజింపక, ఎచట ఏది లభించిన దానితోనే పని సాగించుట ఆతని పరిణతి. మరణముచే అసంపూర్ణమైన ఆ గోడను 1965లో న్యూకాసిలు నగరమునందలి హాటన్ గ్యాలరీకి తరలించిరి.